పేరంటాలు గోడ

మా అక్క పోయాక, ఆమె పసిపిల్లను పెంచడానికి నన్ను బావకిచ్చి చేశారు. ముత్తైదువగా పోయింది కాబట్టి మా ఆనవాయితీ ప్రకారం అక్క ఇంట్లో మొక్కులందుకునే పేరంటాలైంది. నడిమింటి మూల గోడకు పసుపు పూసి, బొట్లు పెట్టి ఆమెను నిలుపుకున్నాం. ఏటేటా ఆ పసుపు మీద నేనే మళ్లీ పసుపు పూసేదాన్ని. అక్కకు ఫోటో లేదు. నాకు ఆ గోడే అక్క.

ఆ పసిపిల్ల పెద్దదై విశాఖలో ఇళ్ల లోపలి అలంకరణ పని నేర్చుకుంది. యాభై దాటాక నాకు అక్షరాలు దిద్దించిందీ అదే. నరసన్నపేట దగ్గర దాని ముత్తాత కట్టిన మా పెంకుటింటిని జపాన్ వాళ్ల పద్ధతిలో మారుస్తానంటూ వచ్చి, ఫోనులో బొమ్మలు చూపించింది. నడిమింట్లోని పందిరి మంచం, పటాలు, నేను కూడబలుక్కుని చదివే కేలండరు అన్నీ వరండాలోకి పోయాయి. ఇక ఒక చాప, ఒక పొట్టి బల్ల, మట్టిపాత్రలో ఒక్క కొమ్మ.

“ఇంతేనేటే? సూసినోళ్లు ఇల్లు కాళీ సేసీసి ఎల్లిపోతన్నారనుకుంటారు,” అన్నాను.

“కాళీయే అందం పిన్నీ,” అని నవ్వి, మూలకేసి చూసింది. “ఆ గోడా తెల్లగా అయిపోవాల.”

తల్లి దానిది. వద్దనడానికి నేనెవరిననిపించింది.

సున్నం వేసే అతను కుంచె కింద పెట్టేశాడు. “పేరంటాలు గోడ మీద నాను సెయ్యెయ్యనమ్మా. తెలిస్తే నా ఆడది నన్ను గుమ్మమెక్కనిస్తాదా?”

“ఇటియ్యి మావా, నానే ఏస్తాను. ఇన్నాళ్లూ మొక్కితే అమ్మ వచ్చీసిందేటి?” అంటూ అది కుంచె తీసుకుంది.

కుంచె ఆడించగానే తెల్ల సున్నం కిందనుంచి గోడ ఎర్రబడింది. ఇంకో పూత వేసింది. ఇంకా ఎర్రబడింది.

“ఇదేటి పిన్నీ?”

“పసుపు మీద సున్నం పడితే ఎర్రబడదేటే? దిష్టి నీళ్లు సూళ్లేదా? ఎన్నేళ్ల పసుపో అది.”

అది ఎర్రని గోడను వేలితో తాకింది. “అమ్మని ఈ మూలే ఎందుకెట్టారు?” అంది. ఎప్పుడూ అడగని మాట.

“మీయమ్మ ఈ గోడకే ఆనుకుని నీకు పాలిచ్చీది.”

కుంచె బకెట్లో వదిలేసి, ఆ ఖాళీ గదిలో తడి గోడకు వీపు ఆనించి కూర్చుంది. సున్నం అతను బకెట్టు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. అది లేచేసరికి తెల్ల చొక్కా వీపంతా ఎర్రగా ఉంది.

“పసుపెక్కడెట్టావు పిన్నీ?” అంది.

వరండాలో సామాన్ల మధ్య వెతికి డబ్బా తెచ్చి దాని చేతికిచ్చాను.