సరోజన మేడం తనకు తానే రాయించుకున్న నోటీసు

ప్రింటర్‌లోంచి వచ్చిన కాగితం కాసేపు వెచ్చగానే ఉంటుంది. దాన్ని మడిచి కవర్లో పెట్టేటప్పుడు వేళ్లకు తగిలే ఆ వెచ్చదనం వల్లనేమో, నాకు మాటిమాటికీ సరోజన మేడం గుర్తొస్తారు. మెదక్ కోర్టు దగ్గర నాకు చిన్న టైపింగ్ షాపు ఉంది. అంతకు ముందు పదకొండేళ్లు ఆమె దగ్గర టైపిస్టుగా పనిచేశాను. ఆమె వకీలు. పెద్ద పేరున్న వకీలేమీ కాదు. ఎక్కువగా కిరాయి ఇళ్ల తగాదాలే వచ్చేవి. ఒక ఇంటి కోసం మనుషులు ఒకరినొకరు తిట్టుకోవడం రోజంతా విని విని, సాయంత్రానికి ఆమె ముఖం వడలిపోయేది. ఇప్పుడు నా ముఖమూ అలాగే ఉంటోందని మా ఆయన అంటాడు.

చేరిన కొత్తలో ఒక ఇంటి యజమాని చెప్పింది చెప్పినట్టే నోటీసు టైపు చేశాను. మోసగాడివి, సిగ్గులేనివాడివి, తక్షణమే ఖాళీ చెయ్ అని పేజీ నిండా ఉంది. మేడం ఎర్ర పెన్నుతో సగానికి పైగా కొట్టేశారు.

"నోటీసుల కోపం ఉండొద్దు సుజాతా. ఏ ఇల్లు, ఎవరిది, ఎందుకు కావాలె, ఏ తారీఖు దాంక టైం. గంతే. తిడితె తిట్టే గుర్తుంటది, తారీఖు మర్చిపోతరు."

ఒప్పంద పత్రం ఉంటే అందులో రాసుకున్న గడువు ఇవ్వాలి. ఏ కాగితమూ లేకుండా నెలనెలా కిరాయికి ఉంటే కనీసం పదిహేను రోజులు. మేడం అంతకన్నా ఎక్కువే ఇప్పించేవారు. యజమాని సంతకం, రిజిస్టర్డ్ పోస్టు, ఫైల్లో ఒక నకలు. గడువు దాటినా ఖాళీ చేయకపోతే కోర్టుకు పోవాలి తప్ప తాళం వేయకూడదు, సామాను బయట పడేయకూడదు. రోజుకు ఒక్కరికైనా ఈ మాటలు చెప్పేవారు. చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయేది.

అల్లాదుర్గ్ వైపు వ్యవసాయం ఉన్న మల్లేశం మెదక్‌లో తన ఇల్లు యాదమ్మ అనే ఆమెకు కిరాయికిచ్చాడు. ఆమె బట్టలు కుట్టుకుంటూ కూతురితో ఉండేది. కొడుక్కి పెళ్లయిందనీ, ఇల్లు కావాలనీ మల్లేశం వచ్చాడు. కారణం న్యాయమైనదే. కానీ మా దగ్గరికి వచ్చేసరికే నాలుగు రోజులుగా ఆమెకు నీళ్లు ఆపేశాడు.

"ముందుగాల నల్ల ఇడువుండ్రి. నోటీసు సంగతి తర్వాత," అన్నారు మేడం.

"ఇల్లు నాది మేడం. నా నల్ల నేను బంద్ జేసుకుంట."

"ఇల్లు మీదే. అండ్ల ఉన్న మనిషి మీది గాదు."

అతను విసురుగా లేచిపోయాడు. రెండు రోజులకు నీళ్లు వదిలి మళ్లీ వచ్చాడు. నోటీసు పంపాం. యాదమ్మ భయపడి తీసుకోలేదు. కవరు తిరిగొచ్చింది. మేడం నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లారు. యాదమ్మ కుట్టుమిషన్ ముందు నుంచి లేవలేదు. లోపల చాప మీద నిండు నెలల కూతురు పడుకుని ఉంది.

"నేను మల్లేశం తరఫు వకీలును. నా మాట మీద ఏడ సంతకం పెట్టకు, ఇంకో వకీలుకు సూపియ్యి," అన్నారు మేడం. "గని కవరు తీసుకోకుంటె తారీఖు ఆగదమ్మా. అండ్ల ఏమున్నదో నీకు తెల్వకుంట పోతది, గంతే."

నోటీసు మెల్లగా చదివి వినిపించారు. యాదమ్మ చాప మీది కూతురి వైపు చూసింది.

"బిడ్డ కాన్పు అయ్యేదాంక ఉండనియ్యమనుండ్రి మేడం. తర్వాత నేనే పోత."

మల్లేశాన్ని ఒప్పించడానికి మేడం మూడుసార్లు పిలిపించాల్సి వచ్చింది. చివరికి గడువు పెంచి కొత్త నోటీసు ఇచ్చాడు. యాదమ్మ మాట తప్పలేదు. చెప్పిన తారీఖుకు రెండు రోజుల ముందే మిషన్ ఆటోలో ఎక్కించి, మనవరాలిని ఎత్తుకుని వెళ్లిపోయింది. మల్లేశం మాత్రం తన కాగితాలన్నీ వేరే వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. "మీరు ఎవరి తరఫో నాకు సమజ్ గాలే" అన్నాడు పోతూ. మేడం ఆ రోజు తొందరగా ఇంటికి వెళ్లిపోయారు.

తర్వాత కొన్నేళ్లకు ఆమె ఆరోగ్యం దెబ్బతింది. మెట్లెక్కితే ఆయాసం. అప్పుడే మా ఆఫీసు గది యజమాని చనిపోయాడు. అతని కొడుకు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మేడం, చెప్పుల దుకాణం పెడుతున్న. నెలాఖరుకు రూం ఖాళీ చెయ్యుండ్రి."

"నెలాఖరుకు వారం గూడ లేదు గద. రాసి తెచ్చినవా?"

"మీకు గూడ రాసియ్యాల్నా? నాకు గదంత రాదు మేడం."

నాకు ఒళ్లు మండింది. "కోర్టుకు పోదాం మేడం. ఎన్నేండ్లయిన నడిపిద్దాం" అన్నాను.

"గంత ఓపిక లేదు సుజాతా. నేను చెప్త, నువ్వు కొట్టు. బాబూ, నువ్వు గూడ కూసో. నేర్చుకో."

తన మీద నోటీసు తానే చెప్పి నాతో టైపు చేయించారు. ఏ గది, ఎవరిది, ఎందుకు కావాలి, వచ్చే నెలాఖరు గడువు. కిరాయిదారు పేరు దగ్గర నా చేతులు ఆగిపోయాయి.

"ఆగినవేంది? నా పేరు మర్చిపోయినవా?" అని నవ్వారు. నాకు అక్షరాలు మసకబారాయి.

అతనితో సంతకం పెట్టించి, నకలు మీద 'అందినది' అని రాసి తాను సంతకం పెట్టారు. "నేను వకీలునని గాదు. రేపు ఇంకోలను ఖాళీ చేపిచ్చేటప్పుడు గూడ గిట్లనే ఇయ్యాలె" అని అతనికి చెప్పారు. గడువు రోజున గది ఊడ్పించి, తాళంచెవి అతని చేతికిచ్చి, ముట్టినట్టు రాయించుకున్నారు. మళ్లీ ఎక్కడా ఆఫీసు తెరవలేదు. రామాయంపేటలో తమ్ముడి ఇంట్లో రెండేళ్లుండి కన్నుమూశారు.

నా షాపుకు వచ్చేవాళ్లకు తీరిక ఉండదు. గడువు గురించి రెండు మాటలు ఎక్కువ అడిగితే పక్క షాపుకు పోతారు. ఆపి చెప్పే ఓపిక నాకూ ప్రతిసారీ ఉండదు. కానీ ప్రతి నోటీసులోనూ కిరాయిదారు పేరు కొట్టగానే నా వేళ్లు వాటంతటవే ఆగుతాయి. ఆ పేరు నాదే అనుకుని మొదటి నుంచి ఒకసారి చదువుతాను. చదివాక తల ఎత్తి, "ఇంకో పది రోజులు ఎక్కువ రాయనా?" అని అడుగుతాను. చిరాకు పడుతూనే కొందరు రాయమంటారు.