లీటరు నీళ్ళు

ఢిల్లీ బేర్ సరాయ్‌లో చదువుకునే తెలుగు కుర్రాళ్ళకి లక్ష్మీపతి గారంటే పెద్ద భరోసా. నాలుగుసార్లు సివిల్స్ రాసి, రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్ళి తిరిగొచ్చిన మనిషి. ఊరికి పోయి ముఖం చూపించలేక ఇక్కడే ఒక కోచింగ్ సెంటర్లో సామాజిక సమస్యలు చెబుతూ, జవాబు పత్రాలు దిద్దుతూ స్థిరపడ్డాడు. తాను పాసవని వాడు ఇంకొకళ్ళనేం పాస్ చేయిస్తాడని ఎవరైనా అడగొచ్చు. అడగనివ్వండి. ఆయన చెప్పినట్టు రాస్తే మార్కులు పడతాయన్న మాట మాత్రం నిజం.

అందులోనూ శిశు మరణాల పాఠమంటే ఆయనకు కొట్టిన పిండి. నీళ్ళ విరేచనాలతో పసివాళ్ళు ఎందుకు పోతున్నారో, ఓఆర్ఎస్, జింకు, తల్లిపాలు అనే మాటల కింద ఎక్కడ గీత గీయాలో, ఎన్ని పదాల్లో ముగించాలో అంతా కంఠతా. ఇంత చెప్పే మనిషి ఒక్క ఓఆర్ఎస్ పొట్లాన్నయినా ఏనాడూ విప్పి చూడలేదు. పోయిన ఆగస్టు దాకా ఆ అవసరం పడలేదు.

ఆయన కూతురు ప్రవల్లికకు అప్పుడు తొమ్మిదో నెల. ఒక ఆదివారం తెల్లారేసరికి మూడు వాంతులు, ఐదు విరేచనాలు అయ్యాయి. లక్ష్మీపతి మందుల షాపుకు పరిగెత్తి పొట్లం తెచ్చి, మొత్తం ఒక్క గ్లాసు నీళ్ళలో కుమ్మరించాడు.

భార్య గౌరి కంగారుపడింది. “అదేందండీ, గ్లాసులోనా? లీటరు నీళ్ళకి గదా పొట్లం! మా అమ్మ కొలిచి మరీ కలిపేది.”

“వాంతులు చేసుకునే పిల్ల లీటరు తాగుద్దా? చిక్కగా ఉంటేనే కాస్తలో బలం పట్టుద్ది. రేపు కలెక్టర్లయ్యేవాళ్ళకి నేను చెప్పే పాఠమే ఇది. మీ అమ్మ అంగన్‌వాడీలో ఆయా, అంతేగా!”

పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. గౌరి మొహం చిన్నబుచ్చుకుని, “పోనీ పొట్లం మీద ఏం రాశారో చదవండి,” అంది. ఇంగ్లీషులోనూ హిందీలోనూ రాసుంది. ఆయనకు రెండూ వచ్చు. అయినా చదవలేదు.

చెంచాతో పోస్తుంటే పిల్ల ఆబగా తాగింది. తాగినకొద్దీ దాహంతో గుక్కపెట్టింది, మళ్ళీ కక్కింది. పదకొండయ్యేసరికి కళ్ళు లోతుకు పోయాయి. ఏడుస్తున్నా కన్నీళ్ళు రావడం లేదు. అప్పుడు ఆటో ఎక్కి వసంత్ కుంజ్‌లో పిల్లల డాక్టరమ్మ దగ్గరకు పరిగెత్తారు.

ఓఆర్ఎస్ ఎంత నీళ్ళలో కలిపారని ఆవిడ అడిగింది. గ్లాసులోనని గౌరి చెప్పగానే ఆవిడ చేతిలో పెన్ను ఆగింది. “పూరా ప్యాకెట్?” అని, మొత్తం పొట్లం అంత చిక్కగా పడితే పసిదాని ఒంట్లో ఉప్పు పెరిగి ఫిట్స్ వస్తాయని, ప్రాణం మీదకే వస్తుందని కోప్పడింది. “కిసనే బనాయా?” అని ఇద్దరి వంకా చూసింది.

ఎవరు కలిపారో చెప్పాలి. గౌరి లక్ష్మీపతి వంక చూసింది. ఆయన నోరు విప్పుతాడేమోనని చాలాసేపే చూసింది. ఆ మహానుభావుడు గోడకున్న టీకాల పట్టీని అక్షరం వదలకుండా చదువుతూ కూర్చున్నాడు.

“మైనే,” అని తన మీద వేసుకుంది గౌరి.

ఇక డాక్టరమ్మ చీవాట్లన్నీ గౌరికే. చదువుకున్నదానిలా ఉన్నావే, ప్యాకెట్ మీద రాసింది చదవలేవా అని అడిగింది. గౌరి తలొంచుకుని వింది. పక్కనే మొగుడు కూడా విన్నాడు. సిగ్గుతో చచ్చిపోతూనే విన్నాడు.

రక్తం పరీక్ష చేసి, ఉప్పు హద్దు దాటలేదని తేల్చుకుని, సాయంత్రం దాకా పడుకోబెట్టి చూసి ఇంటికి పంపారు. లీటరు నీళ్ళలో ఒక పొట్లం కలిపి చెంచా చెంచాగా పట్టాలి, తల్లిపాలు మానకూడదు, రెండు వారాలు జింకు వేయాలి. గౌరి సీసాతో కొలిచి కలిపింది. మర్నాడు మధ్యాహ్నానికి పిల్ల ఉచ్చ పోసి పక్క బాగా తడిపింది, ఒంటికి నీరు పట్టినట్టే. ఆ తడి చూసి లక్ష్మీపతి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గౌరి పక్కబట్ట మార్చింది, అంతే. ఆమె నాలుగు దులిపేసి ఉంటే ఆయనకు ప్రాణం తేలికపడేది.

క్లాసులో ఆ పాఠం రాబోతే వేరే పాఠం ఎత్తుకున్నాడు. నాలుగో రోజు ఇక తాళలేక ఒక్కడే క్లినిక్‌కు వెళ్ళి, గంటసేపు వరుసలో కూర్చుని, ఆ రోజు కలిపింది తన భార్య కాదనీ, తానేననీ డాక్టరమ్మతో చెప్పాడు. ఆవిడకు ఏ పిల్లో గుర్తు రాలేదు. గుర్తుచేస్తే, “అచ్ఛా, బచ్చీ ఠీక్ హై నా?” అని పిల్ల బాగుందో లేదో మాత్రం అడిగి తర్వాతి వాళ్ళను పిలిచింది.

ఇంటికొచ్చి గౌరికి చెప్పాడు. “ఇయ్యాళ క్లినిక్‌కి పోయి, కలిపింది నేనేనని చెప్పొచ్చాను.”

పిల్లకు పాలిస్తున్న గౌరి తలెత్తింది.

“నా బాధ ఆవిడ నన్ను తిట్టినందుకు కాదండీ. ఆ రోజు నేను మీ వంక చూస్తే, మీరు గోడ వంక చూశారు. ఆవిడకి చెప్తే అది పోద్దా?”