మంద లెక్క, తాండూరు రాళ్లు

పశువుల దవాఖానలో నౌకరి కోసం నేను రెండుసార్లు ఇంటర్వ్యూకు వెళ్లాను. మొదటిది వికారాబాద్‌లో. అన్నిటికీ బాగానే జవాబు చెప్పి, చివరి ప్రశ్న దగ్గర చిక్కుకున్నాను. "మీకు గొర్రెలెన్ని?" అని అడిగారు. మేం తాతల నుంచి గొర్రెలు కాసేవాళ్లం. మంద లెక్క నోటితో చెబితే మందకు కీడని మా ఇంట్లో పట్టింపు. "దేవుడిచ్చినన్ని ఉన్నయి సార్" అన్నాను. సొంత గొర్రెలే లెక్కపెట్టుకోలేనివాడు సర్కారు మందుసీసాలు ఏం లెక్కపెడతాడని నవ్వి పంపేశారు.

రెండోది తాండూరులో. ఆ ప్రయాణం సంగతే ఇది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయిన రోజులు. బంట్వారం చుట్టుపక్కల బీళ్లన్నీ నాగలి కిందికి వచ్చి మేత తగ్గిపోయింది. ఒక్క మంద మీద అన్న సంసారం, నా సంసారం రెండూ సాగేటట్టు లేవు. పైగా ఆ ఏడు గడిస్తే సర్కారు నౌకరికి నా వయసు దాటిపోతుంది. ఈసారి ఉత్త చేతులతో తిరిగి రాకూడదని పంతం పట్టాను. తప్పకపోతే లెక్క చెప్పేద్దామని కూడా అనుకున్నాను గాని, ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు.

బయలుదేరేటప్పుడు నా భార్య ఎల్లమ్మ జొన్నరొట్టెలు, ఉల్లికారం మూట కట్టింది. మా అన్న మల్లయ్య నడుముకు ఎప్పుడూ ఒక గులకరాళ్ల సంచి ఉంటుంది. మందలో ఎన్ని జీవాలో సంచిలో అన్ని రాళ్లు. సాయంత్రం ఒక్కో జీవం దొడ్డిలోకి పోతుంటే ఒక్కో రాయి తీసి పక్కన పెడతాడు. సంచిలో రాయి మిగిలితే ఏదో తప్పిపోయినట్టు. నోరు మెదపకుండానే లెక్క అయిపోతుంది.

"అడుగుతరు. చెప్పకు" అన్నాడు అన్న, ఆ సంచి తడుముకుంటూ.

"చెప్పకుంటె నౌకరి రాదే అన్నా."

"రాకుంటె గొర్లు గాస్తవ్. గొర్లే పోతె ఏం గాస్తవ్?"

ఎల్లమ్మ వాకిలి దాకా వచ్చి మెల్లగా అంది: "నౌకరి అయితె నేనుండే ఇల్లు జూసి రా. చూడకుంట ఒప్పుకోకు."

బంట్వారం దాకా నడక. అక్కడ మూడింటికి బస్సు దొరికింది. కంది చేలు పూతమీద ఉన్నాయి. దీపాలు పెట్టే వేళకు వికారాబాద్ చేరి, స్టేషన్‌లో ప్రయాణికులు ఆగే ముసాఫిర్‌ఖానాలో గొంగడి కప్పుకుని నడుం వాల్చాను. ఆ దారిన వెళ్లేవారికి ఒక మాట: చలికాలంలో అక్కడ పడుకోవాల్సివస్తే గొంగడి మరిచిపోకండి. అనంతగిరి గాలి ఎముకల్లో దూరుతుంది.

పొద్దున ఆరున్నర బండి ఏడు దాటాక వచ్చింది. ధారూర్ క్రైస్తవ జాతరకు పోయేవాళ్లతో పెట్టె కిటకిటలాడుతోంది. నాకు కాస్త చోటిచ్చిన ఆవిడ పేరు సువార్తమ్మ. వికారాబాద్‌లో ఒక దవాఖానలో ఆయాగా చేస్తోందట. నేనెందుకు పోతున్నానో ఆమే అడిగి తెలుసుకుంది.

"మేం గూడ ఊర్ల జీతముండి నాగలి దున్నినోళ్లమే తమ్ముడూ" అంది. "పట్నం బతుక్కు వచ్చినంక మొదటి నెల మస్తు ఏడ్చిన. రెండో నెల గూడ ఏడుద్దామనుకున్న. ఏడ్వనీకి పురసత్ దొరకలే."

పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ధారూర్‌లో ఆమె పిల్లల్ని, మూటల్ని దింపుకుంటూ, "ఫికర్ జెయ్యకు, నీకే అయితది" అని వెళ్లిపోయింది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అన్న మాటే అయినా నాకు పెద్ద బలమనిపించింది.

తొమ్మిదికి తాండూరు. స్టేషన్ బయట నాపరాయి బండలు గోడల్లాగా పేర్చి ఉన్నాయి. ఎక్కడ చూసినా ఉలి చప్పుడే. చాయ్ హోటల్లో ఒక బల్ల దగ్గర తెలుగు, ఒక బల్ల దగ్గర ఉర్దూ, గల్లాపెట్టె దగ్గర కన్నడం. చాయ్ తాగి, దారి అడుక్కుంటూ పదింటికల్లా దవాఖానకు చేరాను.

నా వంతు పన్నెండింటికి వచ్చింది. లోపల కళ్లద్దాల డాక్టరు, పక్కన గుమాస్తా. గాలికుంటు రోగం వస్తే ఏం చేస్తావు, గొర్రెకు మందు ఎలా తాగిస్తావు అని అడిగారు. తెలుగు చదివించారు, ఉర్దూ రాయించారు. తర్వాత డాక్టరు తల ఎత్తి, "గొర్రెలు కాసేవాళ్లమన్నావు. మీకు ఎన్ని ఉన్నాయి?" అన్నారు.

చెప్పేద్దామనే నోరు తెరిచాను. సంఖ్య నాలుక చివరిదాకా వచ్చింది. సంచి మీద మా అన్న చెయ్యి కళ్లముందు మెదిలింది. ఆ సంఖ్యను మింగేశాను. అలాగని వికారాబాద్‌లో లాగా తల వంచుకుని బయటపడడానికీ మనసు ఒప్పలేదు.

"ఒక్క నిమిషం సార్" అని ఆవరణలోకి పరుగెత్తాను. అక్కడ గోడ కడుతున్నారు. కింద బండముక్కలు కుప్పలుగా పడి ఉన్నాయి. ఒంటిచెవిది, కుంటి పొట్టేలు, చూడితో ఉన్న నల్లకాళ్లది అంటూ మా మందనంతా తలుచుకుంటూ ఒక్కో జీవానికి ఒక్కో ముక్క ఏరి, గొంగడి కొంగులో తెచ్చి బల్ల మీద పోశాను.

"ఇదే మా మంద సార్. మీరే లెక్కపెట్టుకోండ్రి. మా ఇంట్ల నోటితోని చెప్పం."

గుమాస్తా పకపకా నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. ఒక్కో ముక్కా జరుపుతూ లెక్కపెట్టారు, అదీ పైకి, గదంతా వినబడేలా! అలా పైకి అంటారని నాకు ముందు తట్టనే లేదు. మా తాత నోట కూడా రాని సంఖ్య ఆ గదిలో అలా పలికింది. ఇక్కడ మాత్రం దాన్ని రాయను.

"రేపు ఊళ్లకు పోయి సూదిమందు వేయాలి. అక్కడ వాళ్లు కూడా ఎన్ని ఉన్నాయో చెప్పకపోతే?" అన్నారు డాక్టరు.

"రాళ్లే పెట్టమంట సార్."

ఆయన కలం మూత పెట్టి, "నౌకరి నీదే. కానీ ఇక్కడి క్వార్టర్‌లోనే ఉండాలి. ఏ వేళలోనైనా పశువుల్ని తోలుకొస్తారు. సరేనా?" అన్నారు.

"ఇల్లు జూసి చెప్త సార్."

"నాలుగు లోపల చెప్పు. నీ వెనక ఇంకొకరున్నారు."

క్వార్టర్ ఒక్క గది. నేల బండలు, గోడలు బండలు, కప్పు కూడా బండలే. పక్కింటావిడ చెంబుతో వచ్చి, "నీరు బేకా?" అంది. తాగి, గడప మీద కూర్చుని మిగిలిన రొట్టె తిన్నాను. దరిదాపుల్లో మేత లేదు, గొర్రె అరుపు లేదు. ఆ అరుపు వినకుండా నేను ఒక్కనాడూ నిద్ర లేచి ఎరగను. అంతకంటే పెద్ద బెంగ ఇంకొకటి: లెక్క పలికింది కాబట్టి మందకు ఏమైనా అయితే నౌకరి నాకు, నష్టం అన్నకు. కానీ వదులుకుని పోతే ఇద్దరికీ పస్తే. లేచి, పొయ్యి ఎక్కడ వేయవచ్చో, పొగ ఎటు పోతుందో చూసుకున్నాను. ఇల్లు దేనితో కట్టారో ఎల్లమ్మకు చూపిద్దామని గడప దగ్గర ఒక బండముక్క తీసి జేబులో వేసుకున్నాను. మూడున్నరకు డాక్టరు దగ్గరికి పోయి, "వస్త సార్" అన్నాను.

సాయంత్రం బండికి వికారాబాద్, మళ్లీ అదే ముసాఫిర్‌ఖానా, పొద్దున మొదటి బస్సు. బంట్వారం దాటి మా ఊరి దారి పట్టగానే బీడులో మంద కనిపించింది. గొంగడి కప్పుకుని అన్న ఎదురొచ్చాడు.

"అయిందా?"

"అయింది."

"అడిగిండ్రా?"

"అడిగిండ్రు. నేను చెప్పలే. రాళ్లు పెట్టిన. ఆయన పైకి లెక్కపెట్టిండు."

అన్న ఒకసారి మంద వైపు చూశాడు. తిట్టినా పడదామని నిలబడ్డాను.

"నల్లకాళ్లదానికి ఎన్ని రాళ్లు పెట్టినవ్?" అన్నాడు చివరికి.

"ఒకటి."

అన్న గొంగడి తొలగించాడు. చంకలో ఇంకా మంద వెంట నడవలేని గొర్రెపిల్ల. "నువ్వు పొయిన నాడు రాత్రే ఈనింది. గా సారు లెక్కపెట్టింది మన మంద గాదు" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. జేబులోంచి బండముక్క తీసి, "దీని రాయి" అని అతని చేతిలో పెట్టాను. అన్న దాన్ని తిప్పి తిప్పి చూసి సంచిలో వేసుకున్నాడు. "మందను నేను జూసుకుంట. నువ్వు పో" అన్నాడు.

ఎల్లమ్మకు చూపించడానికి నా దగ్గర రాయి మిగల్లేదు. ఒకటో తారీకున ఇల్లే చూపించాను.