వరండాలో రెండు వందల వాట్లు

నిన్న మా సూర్యాపేట ఇంట్లో గీజరు బిగించడానికి కరెంటు పనివాడు వస్తే, ఈ లైను మీద ఇప్పటికే ఏమేం నడుస్తున్నాయో కూడి చూశావా నాయనా అని అడిగాను. మా మనవరాలు నవ్వింది గానీ అతను నవ్వలేదు. ఒక్కొక్కటే లెక్కగట్టి, దీనికి వేరే లైను లాగాల్సిందేనన్నాడు. నాకా కూడిక వచ్చింది మా అమ్మ వంటింటి పుణ్యాన.

నలభై తొమ్మిదిలో మేము మిర్యాలగూడలో ఉండేవాళ్లం, నాకు పదకొండేళ్లు. తాత బియ్యం మిల్లులో ఆయిలింజనుతో తిరిగే డైనమో నుంచి పక్కనే ఉన్న మా ఇంటికి తీగ లాగారు. గదుల్లో నలభై వాట్ల బల్బులు ఐదు, వరండాలో రెండు వందల వాట్లది ఒకటి. ఆ వరండా దీపమంటే తాతకు ప్రాణం. మోతె వైపు నుంచి వడ్లు తెచ్చే బండ్లవాళ్లు దాన్ని చూసే మా ఇల్లు గుర్తుపట్టేవారు. వంటింట్లో మాత్రం కిరసనాయిలు బుడ్డే. ఆ పొగకు అమ్మ కళ్లు ఎర్రబడి నీరు కారేవి, అన్నంలో రాయి తగిలితే మాట పడేదీ ఆమే. ఆమెకు కావలసింది ఒక్క దీపం.

తీగ పది దీపాలను తట్టుకుంటుందని ఇంజను మేస్త్రీ చెప్పి ఉన్నాడు. మీ ఇళ్లలో ఎలాగో గానీ, మేము కరెంటు దీపాలనూ కందిళ్లలాగే లెక్కపెట్టేవాళ్లం. ఉన్నవి ఆరే కదా అని నాన్న కోదాడ నుంచి వంద వాట్ల బల్బు తెచ్చి వంటింట్లో పెట్టించాడు. అమ్మ పప్పు తాలింపు వేసేలోపే ఫ్యూజు కాలి ఇల్లంతా చీకటైంది.

“వంటింట్లకు కరెంటెందుకురా అంటే విన్నవా? బుడ్డి పెడితే అన్నం ఉడకదా?” అని తాత నాన్న మీద లేచి, తెల్లారగానే ఆ బల్బు తీసెయ్యమన్నాడు.

పొద్దున ఫ్యూజు వెయ్యడానికి వచ్చిన మేస్త్రీని, పది దీపాలన్నావు కదా అని నేను అడిగితే, పది అంటే నలభైవి పది అన్నాడు. అంటే నాలుగు వందల వాట్లు. గదులవి రెండు వందలు, వరండాది రెండు వందలు. అమ్మ దీపం పెట్టకముందే తీగ నిండిపోయి ఉంది. పరుగెత్తి అమ్మకు చెప్పాను. ఆ రోజుల్లో కోడళ్లు మామగారితో ఎదురుగా మాట్లాడేవారు కాదు కనుక, అమ్మ తలుపు చాటున నిలబడి, నాతో అన్నట్టుగా తాతకు వినిపించింది.

“తాతకు చెప్పు బిడ్డా, వంట చేసేటప్పుడు తలకాయలు లెక్కపెడుతమా, తిండి సూస్తమా? ఐదుగురి తిండి వరండాల ఉన్నదొక్కటే తినవట్టె.”

“మీ అమ్మ దీపాన్నంటున్నదా, నన్నంటున్నదా?” అన్నాడు తాత.

వరండాది ఆపితే గదుల రెండు వందలు, అమ్మ వంద, కలిపి మూడు వందలేనని నేను చెప్పాను. తాత వేళ్లు మడిచి తనూ కూడుకున్నాడు. ఆ సాయంత్రం అమ్మ పొయ్యి ముట్టించే వేళకు తనే లేచి వరండా దీపం ఆర్పి, చీకట్లో కుర్చీలో కూర్చున్నాడు. దీపమేదని అడిగిన బండ్లవాళ్లతో, “మా కోడలు వంట చేస్తున్నది, జర ఆగుండ్రి” అన్నాడు. వంట ముగించి అమ్మ తన దీపం ఆర్పాకే వరండాలో వెలుగు వచ్చేది. మేము ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ అదే పద్ధతి.

ఇప్పుడు ఒకరి వెలుగు కోసం ఇంకొకరు చీకట్లో కూర్చోవలసిన పని లేదు, మంచిదే. అయినా పొద్దుగూకి వంటింట్లోకి వెళ్లేముందు నా చెయ్యి వరండా స్విచ్చి ఆర్పుతుంది. “రెండూ వెలుగుతయి గద నానమ్మా” అని మనవరాలు మళ్లీ వేస్తుంది. వెలుగుతాయి, నాకూ తెలుసు. ఒక్కసారి మా వరండాలోని ఖాళీ కుర్చీ వైపు, తాత అందులో ఉన్నట్టే చూసి పొయ్యి దగ్గరికి వెళతాను.