మోగని మడమ

సినిమా నెత్తురు తియ్యగా ఉంటుంది. రెండో షాట్‌కే మెడ మీద చీమలు చేరతాయి. చచ్చి పడున్నవాడు గోక్కోకూడదు. ఈ బాధ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకున్నాను. పాతికేళ్లుగా మోస్తున్న అసలు సంగతి మాత్రం పోయిన నెలదాకా నోరు దాటలేదు. మీకు చెబుతాను. మీరు నన్ను ఎరగరు, అది కాస్త నయం.

నా ముఖం చూసే ఉంటారు. హీరో చేతిలో మొదట తన్నులు తినేది నేనే. సినిమాల్లోకి రాకముందు నా స్నేహితుడు భిక్షం, నేను కల్లూరు చుట్టుపక్కల నాటకాల్లో కర్రలతో కొట్టుకునేవాళ్లం. కొట్టేవాడు ముందు మడమతో స్టేజీ బల్ల మీద ఒక దెబ్బ వేయాలి. అది వినగానే రెండోవాడు వంగాలి. భిక్షం నా వైపు చూసేవాడే కాదు. జనం వైపు తిరిగి డైలాగు చెప్పేవాడు. అంత నమ్మకం.

ఆ సాయంత్రం హైదరాబాదు నుంచి వచ్చిన డైరెక్టరొకాయన ముందు వరుసలో కూర్చున్నాడు. ఇద్దరిలో ఒకరినే తీసుకుంటానన్నాడు. భిక్షం నాకన్నా మంచి నటుడు. డిగ్రీ చదివినవాణ్ణి, ఆ మాత్రం అర్థమైంది.

మడమ ఎత్తాను. దించలేదు. కర్ర దించాను.

దవడ విరిగిన చప్పుడు చివరి వరుసదాకా వినపడింది. మూడు పళ్లు, నాలుక కొస బల్ల మీద పడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు. అంత సహజంగా నేను మళ్లీ నటించలేదు. ఆవేశమా? వయసని, వెలుతురు చాలలేదని నాకు నేను చెప్పుకున్నవన్నీ అబద్ధాలే, ఎందుకంటే మడమ గాలిలో ఉన్న ఆ క్షణంలో వాడి చెంప మీది చెమట బొట్టు కూడా నాకు స్పష్టంగా కనిపించింది.

ఖమ్మం దవాఖానాలో ఇంకో దెబ్బ కొట్టాను. "నేను కాలు కొట్టిన్రా. నీకే వినపడలే" అన్నాను. వాడు నమ్మాడు. చెవుల డాక్టరుకు కూడా చూపించుకున్నాడు. మాట ముద్దయిపోయి మళ్లీ స్టేజీ ఎక్కలేదు. నా సినిమా వచ్చినప్పుడల్లా ఊరందరికీ "మావాడు" అని చూపించేవాడట.

పోయిన నెల భద్రాచలం అడవిలో షూటింగు. అది ముగించుకుని చండ్రుగొండలో వాడింటికి వెళ్లి, చాయ్ తాగి, అంతా చెప్పేశాను. గుండె తేలికైంది. అందుకు సిగ్గుపడాలేమో. ఇంకా తేలిగ్గానే ఉంది.

భిక్షం దవడ తడుముకున్నాడు.

"మడమ ఎత్తినవా?"

"అవ్."

లేచి లోపలికి పోయాడు. వాడి భార్య సుగుణ గ్లాసులు తీస్తూ, నా ముఖం చూడకుండా అంది:

"ఇన్నేండ్లు ఈయనకు మూడు పండ్లే లేకుండె అన్నా. ఇయ్యాల దోస్తు గూడ లేకుండ చేసినవ్."