అత్త ఎగరనివ్వని బుగ్గ

మా మేనత్త పోయిందని కరీంనగర్ నుంచి బాపు ఫోన్ చేసినప్పుడు నేను మా కాలేజీ వరండాలో నిలబడి, ఆకాశంలోకి బెలూన్ వదలడానికి అనుమతులిచ్చే ఆఫీసు వాళ్ళతో ఇంకో ఫోన్లో మాట్లాడుతున్నాను. దరఖాస్తు అత్త పేరు మీద ఉంది. "మేడం గారే మాట్లాడాలండీ" అంటున్నాడు అవతలి మనిషి. ఈ చెవిలో బాపు, "మీ అత్త మనకు లేదు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి పండుకున్నది, మల్ల లేవలే" అన్నాడు. దుఃఖం కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళు నన్ను ఆపి, ఇప్పుడు తను మాత్రం చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుందా?

ఆమె కరీంనగర్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. ఉద్యోగంలో ఉండగానే పరీక్ష రాసి హ్యామ్ రేడియో లైసెన్సు తెచ్చుకుంది. ఇంట్లో సొంత రేడియో పెట్టుకుని, మిద్దె మీద తీగ కట్టి, ముక్కూ మొహం తెలియని దేశాల వాళ్ళతో మాట్లాడే సరదా అది. బట్టలారేసే తీగ ఏదో, రేడియో తీగ ఏదో తెలియక మా అమ్మ ఎన్నోసార్లు తిట్లు తిన్నది. ఆ పిచ్చి నాకు అంటించి, నా చేతా లైసెన్సు పరీక్ష రాయించింది కూడా అత్తే. నేను ఆదిలాబాద్‌లో ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను.

బుగ్గ ఆలోచన మాత్రం నాది. మా వైపు బెలూన్‌ను బుగ్గ అంటాం. పెద్ద బుగ్గకు చిన్న థర్మాకోల్ డబ్బా, అందులో ఒక బుల్లి రేడియో కట్టి వదిలితే, అది విమానాలు తిరిగే ఎత్తు కూడా దాటిపోయి అక్కడ పగులుతుంది. డబ్బా పారాచూట్‌తో దిగుతుంది. తానెక్కడుందో దారి పొడవునా రేడియోలో చెబుతూనే ఉంటుంది. చలికాలంలో పైగాలి తూర్పుకు కొడుతుంది కాబట్టి ఆదిలాబాద్‌లో వదిలితే జైనూర్, ఆసిఫాబాద్ వైపు పడాలి. అత్తకు చెబితే సంబరపడిపోయి, అనుమతికి దరఖాస్తు తన పేరు మీదే పెట్టింది. ఆ తర్వాత నాకు చుక్కలు చూపించింది.

"పడే ఊరోళ్లకు చెప్పినవా?" ఇదీ ఆమె మొదటి ప్రశ్న.

"ఎక్కడ పడ్తదో ముందుగాల ఎట్ల తెలుస్తదత్తా?"

"గట్లయితే అన్ని ఊర్లకు చెప్పాలె."

పరాచికమనుకున్నాను. వారం తిరక్కుండానే ఖాళీ థర్మాకోల్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి వచ్చింది. మోకాళ్ళ నొప్పులు, బీపీ గోళీలు, అన్నీ వెంటే. నన్ను వెంటేసుకుని, దిగిన ప్రతి ఊళ్ళో చాయ్ హోటల్ ముందు కూర్చుని డబ్బాను బల్ల మీద పెట్టేది. తానుగా ఏమీ చెప్పేది కాదు. ఎవరో ఒకరు "గిదేందమ్మా?" అని అడిగేదాకా చాయ్ ఊదుకుంటూ కూర్చునేది. నేను పక్కన గడియారం చూసుకుంటూ ఉండేదాన్ని. గాలి లెక్క ఏ రోజుకారోజు మారుతుంది, లెక్క మారితే ఊళ్ళు మారతాయి, ఊళ్ళు మారితే మళ్ళీ బస్సు. ఒకసారి విసుగెత్తి అరిచాను. ఆమె నెమ్మదిగా, "మీదికెళ్లి ఏదన్న పడ్తె ఎవలైన భయపడ్తరు. మనం ఆడుకునేటందుకు వాళ్లెందుకు భయపడాలె?" అన్నది. నిజమే. కానీ నిజం చెప్పేవాళ్ళతో పని చేయడం ఎంత కష్టమో నాకే తెలుసు.

మొదటి చలికాలం అనుమతి వచ్చింది. హైదరాబాద్ నుంచి బుగ్గలో నింపే గ్యాస్ సిలిండర్ వచ్చింది. మా విద్యార్థులు తెల్లారకముందే మైదానానికి వచ్చేశారు. అత్త గాలి లెక్క చూసి, "గియ్యాల జైనూర్ల అంగడి. మస్తు మంది ఉంటరు. వద్దు" అన్నది.

"డబ్బా కిలో గూడ లేదత్తా! పారాచూట్ గూడ ఉన్నది!"

"నెత్తి మీద పడ్డోళ్లకు చెప్పు గా మాట."

సిలిండర్ వచ్చినట్టే వాపసు పోయింది. నేను నోటికొచ్చినట్టు మాట్లాడాను. ఆమె అంతా విని, "అయిందా? బువ్వ తిన్నవా?" అన్నది. ఆ ప్రశ్నతో నాకు ఇంకా ఒళ్ళు మండింది.

రెండో చలికాలం డబ్బా మీది రాత దగ్గర తెల్లారిపోయింది. నేను "ఇది బాంబు కాదు" అని పెద్ద అక్షరాలతో అంటించాను. ఆమె పీకి పారేసింది. "బాంబు అని సదివినంక, కాదు అనేదాంక ఎవలుంటరే అక్కడ? ఉరుకుతరు." సరే, నువ్వే రాయమన్నాను. రాసింది: "భయపడకుండ్రి. పైన గాలి ఎట్లున్నదో తెలుసుకుందామని పంపినం. జర ఫోన్ చేయుండ్రి." అది మరాఠీలో, గోండిలో కూడా ఉండాలని పట్టుబట్టింది. రాసిపెట్టే మనుషుల కోసం తిరిగి తిరిగి వచ్చేసరికి గాలి దిక్కు మార్చుకుంది.

"పరేషాన్ గాకు బిడ్డా, మల్ల చలి రాదా?" అన్నది.

వచ్చింది. అత్తే లేదు.

ఆమె పేరు మీది దరఖాస్తు చెల్లదన్నారు. నా లైసెన్సుతో, నా పేరుతో అన్నీ మొదటి నుంచి పెట్టాను. ఒక్కో కాగితం పంపుతున్నప్పుడల్లా ఆమెను తిట్టుకున్నాను. అంతలోనే, ఇంత తిట్టినా తిరిగి ఒక్క మాట అనని మనిషి నాకిక దొరకదు కదా అనిపించేది.

ఈ చలికాలం వదిలాం. అంగడి రోజు కాకుండా నేనే చూసుకున్నాను. బుగ్గ చక్కగా ఎగిరింది, పగలాల్సిన చోట పగిలింది. డబ్బా మాత్రం అత్త తిరిగిన ఒక్క ఊళ్ళో కూడా పడలేదు. గుట్టల వెనక, ఆమె ఎన్నడూ పోని ఒక గూడెం పక్కన దిగింది. అన్ని బస్సులు, అన్ని చాయ్‌లు, ఆ మోకాళ్ళు! జీపులో పోతున్నంతసేపూ పళ్ళు కొరుకుతూనే ఉన్నాను.

తీరా చేరేసరికి పత్తి చేనులో మనుషులే లేరు. ఏరుతున్నవాళ్ళు సంచులు ఎక్కడివక్కడ వదిలేసి ఉరికారట. పత్తి కింద ఒలికి ఉంది. పిల్లల్ని ఇళ్ళలోకి తోసి తలుపులేశారు. పెద్దవాళ్ళు చాలా దూరంలో గుంపుగా నిలబడ్డారు. డబ్బా మీది మూడు భాషల రాతనూ చదివేటంత దగ్గరికి ఒక్కరూ రాలేదు.

నేను చేలో కూలబడి, డబ్బా విప్పి, లోపలి సామాను ఒక్కొక్కటే పైకెత్తి చూపించాను. చాలాసేపటికి ఒక ముసలాయన కర్ర పట్టుకుని వచ్చాడు.

"గిది ఎవలదమ్మా?"

అనుమతి నాది, లైసెన్సు నాది, ఆలోచన కూడా నాదే. "మా మేనత్తది తాతా" అన్నాను.

ఆయన జీపు వైపు చూశాడు. అందులో డ్రైవరు తప్ప ఎవరూ లేరు.

"మరి ఆమె రాలేదా?"

"ఆమెనే ముందుగాల రావాల్సి ఉండె తాతా" అన్నాను. ఆయన నా మొహం చూసి, గూడెం వైపు తిరిగి రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. కాసేపటికి అక్కడ ఒక తలుపు తెరుచుకుంది.