దుప్పటి అవతలి కొస

డెబ్బైలలో ఒక వానాకాలం సాయంత్రం. రిక్షాలో వరంగల్ స్టేషన్ చేరేసరికి నా దుప్పటి తడిసి ముద్దయింది. వెయిటింగ్ రూమ్ వరండాలో ఒక్కదాన్నే దాన్ని మెలిపెడుతుంటే, బెంచీ మీదున్న ఒక పెద్దావిడ లేచొచ్చి రెండో కొస అందుకుంది.

“ఒక్కదానివే పిండితే నీళ్లు పోతయా బిడ్డా?”

చెరో వైపు తిప్పుతుంటే ఆవిడే చెప్పింది.

“మా చర్చి దవాఖానల చేతితోని తిప్పే, బట్టలు పిండే మిషన్ ఉన్నది. మీద రెండు రబ్బరు రోలర్లు. నేను హ్యాండిల్ తిప్పుతుంటే, నడుమల నుంచి పిండుకొని వచ్చే దుప్పటిని నాతోని పనిచేసే మా మేరమ్మ అవతల నిలబడి గుంజేది. గుంజేటోళ్లు లేకుంటే అది మళ్లా రోలరుకే చుట్టుకుంటది.”

“ఇప్పుడెవరు గుంజుతాండ్రు పెద్దమ్మా?”

ఆవిడ చేతులు ఆగాయి.

“మిషన్‌కేం, మంచిగనే ఉన్నది.”

నీళ్లన్నీ కారిపోయాక తన కొస పట్టుకుని నా దాకా నడిచొచ్చి, నా చేతిలో పెట్టింది. అంతలో ఆవిడ బండి వచ్చింది. పేరైనా అడగలేదు.

ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. దుప్పటి పిండాలంటే ఒక కొసను కిటికీ ఊచకు కడతాను. ఊచ గట్టిగానే పట్టుకుంటుంది. పిండడం అయ్యాక, ఆ కొస విప్పుకోవడానికి నేనే అక్కడిదాకా నడుస్తాను.